నులక మంచం మీద ఆరేసిన జిల్లాలు

2022 జులైలో, గోదారి తీసిన వారానికి ఊరెళ్లాను. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చి పోయింది ఆ గోదారి. 1986లో 75.6 వచ్చిందని మా ఊళ్లో పెద్దాళ్లందరికీ నోటికే ఉంటుంది, ఇంట్లో పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు గానీ.

మాది కూనవరం పక్కన శబరి ఒడ్డు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదారి నిండుగా ఉన్నప్పుడు శబరికి పోవడానికి దారుండదు, వెనక్కి ఎగపోటేస్తుంది. మాకు వరద ఎప్పుడూ అలా వెనక నుంచే వస్తుంది. ఈసారి అటక మీదికి కూడా వచ్చింది. అటక మీద నానమ్మ ట్రంకు పెట్టె ఉంది.

నేను వెళ్లేసరికి నాన్న గుట్ట మీద టార్పాలిన్ కింద నులక మంచం వేసి, దాని మీద కాయితాలు పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టి కూర్చున్నాడు. మంచం కింద నుంచి గాలి వస్తుందని అలా పెట్టాడట. తడిసి ఉబ్బిన కాయితాలు, సిరా పాకి ఊదారంగు మచ్చలు, గుడ్డముక్కకి అంటుకుపోయిన స్టాంపులు. నేను వాటిని తిరగేస్తూ ఉంటే ఒక సంగతి కళ్లబడింది. అన్నీ ఒకే ఇంటి కాయితాలు. వాటి మీద జిల్లా మాత్రం ఒక్కటి కాదు.

అన్నిటికంటే పాతది తాత పేరున శిస్తు రసీదు. ఫసలీ 1361 అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడు, దానికి 590 కలుపుకోవాలి, అంటే 1951. భద్రాచలం తాలూకా, తూర్పు గోదావరి జిల్లా. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కూడా లేదు, మద్రాసు. దాని పక్కన నాన్న బడి టీసీ: ఖమ్మం జిల్లా. దాని కింద నాది, 1993లో పదో తరగతికని తెచ్చుకున్న ఆదాయం సర్టిఫికెట్. గుండ్రటి ముద్రలో ‘మండల రెవెన్యూ అధికారి, కూనవరం’, చుట్టూ ఖమ్మం జిల్లా. తర్వాత 2017 నాటి రేషన్ కార్డు, ప్లాస్టిక్ కవర్లో ఉంది కాబట్టి బతికింది: తూర్పు గోదావరి జిల్లా. చివర మే నెలలో నాన్న తెచ్చుకున్న కాయితం, ఇంకా సిరా వాసన పోనిది: అల్లూరి సీతారామరాజు జిల్లా.

“మీ నానమ్మ కూనవరం సంత దాటి ఎరగదురా” అన్నాడు నాన్న, రాయి ఒకటి సర్దుతూ. “తూర్పు గోదారి నుంచి ఖమ్మం పోయింది. మళ్లీ తూర్పు గోదారి వచ్చి చచ్చిపోయింది.”

ఆ రాత్రి నుంచి నాకిది పట్టుకుంది. హైదరాబాద్ తిరిగొచ్చాక పాత గెజిటీర్లు అవీ తిరగేశాను. నానమ్మకన్నా ముందు కథ ఇంకా చిత్రంగా ఉంది. 1860లో నిజాం ఈ గోదావరి ఎడమ ఒడ్డుని ఇంగ్లీషువాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లు దీన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపి ‘అప్పర్ గోదావరి’ అని జిల్లా చేశారు. దానికి ముఖ్యపట్టణం సిరోంచ! ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరోంచ. అంటే మా తాతకి తాత ఎవరైనా కలెక్టరు దగ్గరికి పోవాలనుకుంటే ప్రాణహిత దగ్గరికి పోవాలన్నమాట. పోయుంటాడని నేననుకోను. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల్ని మద్రాసుకిచ్చి గోదావరి జిల్లాలో వేశారు. 1925లో కృష్ణా జిల్లాని చీల్చి పశ్చిమ గోదావరి అని కొత్త జిల్లా పెట్టినప్పుడు, ఇటువైపుది తూర్పు గోదావరి అయింది. ఆ పేరే తాత రసీదు మీదిది.

ఈ తూర్పు గోదావరి కాలంలో మా వాళ్లకి జిల్లా అంటే లాంచీ. కూనవరంలో ఎక్కితే పాపికొండల మధ్య నుంచి రాజమండ్రి, అక్కణ్ణించి కాకినాడ. రోడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. గోదారికి అవతలి ఒడ్డు, బూర్గంపాడు వైపు, నిజాం రాజ్యం. ఇవతల రూపాయి, అవతల హాలీ సిక్కా. రాముడు ఇంగ్లీషువాళ్ల ఒడ్డున ఉంటే, ఆయన కల్యాణానికి సగం జనం నిజాం ఒడ్డు నుంచి పడవల్లో వచ్చేవాళ్లు. ఆ గుడి కట్టించిన రామదాసుని పెట్టింది గోల్కొండ జైల్లో కాబట్టి, భద్రాచలానికి ఇలా రెండు ఇళ్ల కాపరం మొదటినుంచీ అలవాటే అనుకోవాలి.

1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. 1959లో భద్రాచలం తాలూకాని, పైనున్న నూగూరు తాలూకాని తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. ఖమ్మం కూడా అప్పటికి ఆరేళ్ల పిల్ల, 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన అయ్యాక ఇక లాంచీలో కాకినాడ పోవాల్సిన పని లేకపోయింది. బస్సెక్కితే భద్రాచలం, వంతెన దాటితే కొత్తగూడెం, ఖమ్మం. నాన్న చదువు, నా చదువు, మా అక్క పెళ్లి, పెద్దాసుపత్రులు, ఎరువుల కొట్లు అన్నీ ఆ వంతెన మీదుగానే. నా వరకు ఖమ్మం జిల్లావాణ్ణి అని చెప్పుకోవడం నా పేరు చెప్పుకోవడం లాంటిది. నా పాత బండి నంబరు ఇప్పటికీ ఏపీ 20.

ఇక్కడ మండలాల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే జిల్లాల గోలలో దీన్ని ఎవరూ తలవరు.

మా నాన్న చిన్నప్పుడు వరస ఇలా ఉండేది. ఊరికి కరణం, మునసబు. కొన్ని ఊళ్లు కలిపి ఫిర్కా. దానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఫిర్కాలన్నీ కలిపి తాలూకా. దానికి తాసిల్దారు. ఇది శిస్తు లెక్క. దీని పక్కనే ఇంకో లెక్క, 1959లో వచ్చిన పంచాయతీ సమితులు: బడులు, బావులు, రోడ్లు వాళ్ల చేతిలో. తాలూకా గీతా సమితి గీతా ఒకటి కాదు. టీచరు బదిలీకి ఒక దారి, భూమి కాయితానికి ఇంకో దారి. తెలంగాణ వైపు కరణం బదులు పట్వారీ, మునసబు బదులు పటేలు, అంతే తేడా, భయం ఒక్కటే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ఆ కరణాల్నీ మునసబుల్నీ పటేళ్లనీ ఒక్క దెబ్బకి తీసేశాడు. మరుసటేడు, 1985 మేలో, తాలూకాలూ ఫిర్కాలూ ఎత్తేసి మండలాలు పెట్టాడు. మూడొందల పైచిలుకు తాలూకాల చోట వెయ్యికి పైగా మండలాలు. కూనవరం ఒక మండలమైంది. చింతూరు ఒకటి, వరరామచంద్రాపురం ఒకటి. ఆ తర్వాత సమితులూ పోయి మండల పరిషత్తులొచ్చాయి. రెండు లెక్కలకీ ఒకే గీత.

అప్పుడు నాకు ఏడేళ్లు. నాకు గుర్తున్నది ఒక్కటే. అంతకుముందు తాత తాలూకాఫీసుకి పోవాలంటే నానమ్మ ముందు రోజు రాత్రే అన్నం మూట కట్టేది. భద్రాచలం పోయి, ఆ రోజు పని కాక, ఏ సత్రంలోనో పడుకుని, మర్నాడు సాయంత్రం వచ్చేవాడు. మండలం వచ్చాక తాత పొద్దున చద్దన్నం తిని సైకిల్ మీద పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. పని అప్పుడూ కాలేదట. కానీ కాని పనికి రెండు రోజులు కాకుండా ఒక పూట పోయింది. నన్నడిగితే నూటయాభై ఏళ్లలో మా కాయితాల మీద మారిన వాటిల్లో మా కాళ్లకి పనికొచ్చిన మార్పు ఆ ఒక్కటే. ఎమ్మార్వో అనే పేరు పోయి మళ్లీ తహశీల్దారు వచ్చి చాలా ఏళ్లయినా మా ఊళ్లో ఇప్పటికీ ‘ఎమ్మారో ఆఫీసు’ అనే అంటారు. ఆ పేరుకి ఆ మర్యాద ఉంది.

జిల్లా అలా కాదు. రాష్ట్రం గీత మార్చాలంటే పార్లమెంటు కావాలి. జిల్లా గీత మార్చడానికి 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఒకటుంది, దాని కింద రాష్ట్ర ప్రభుత్వం ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, ముప్ఫై రోజులు అభ్యంతరాలు తీసుకుని, తర్వాత తుది నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. అసెంబ్లీలో ఓటు అక్కర్లేదు. అందుకే తెలంగాణలో 2016 దసరా ఒక్కరోజున పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి.

మా పిన్నిది వెంకటాపురం. పాత నూగూరు తాలూకా. 1959లో మాతో పాటే ఖమ్మం వచ్చిన తాలూకా. 2016లో వాళ్లని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో వేశారు. 2019 ఫిబ్రవరిలో ములుగు కొత్త జిల్లా అయితే అందులో వేశారు. అల్లూరి జిల్లా వచ్చిన కొత్తలో ఆవిడకి ఫోన్ చేశాను.

“ఏం పిన్నీ, బాగున్నావా? ఇప్పుడు మీది ఏ జిల్లా?”

“ఉండరా అబ్బాయ్, మీ బాబాయిని అడుగుతా... ములుగేనంట. మీది?”

“అల్లూరి సీతారామరాజు.”

“ఆయన బొమ్మ మా బడిలో ఉండేది. మంచి పేరేలే. ఆఫీసు ఎక్కడ?”

“పాడేరు.”

కాసేపు మాట లేదు. “పాడేరంటే విశాఖపట్నం కదరా” అంది.

ఆవిడ జీవితంలో పాడేరు చూడలేదు. నేనూ చూడలేదు. నాన్నా చూడలేదు. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాటు ఎక్కి దిగి రంపచోడవరం, అక్కణ్ణించి అడ్డతీగల మీదుగా మళ్లీ కొండలెక్కితే పాడేరు. రెండొందల కిలోమీటర్ల పైమాటే. దారి బాగుంటే.

దీనికి ముందు 2014 సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఆ ఏడు ఏప్రిల్ 30న మేం ఓటేశాం. మా నియోజకవర్గం భద్రాచలం. సీపీఎం సున్నం రాజయ్య గెలిచాడు. ఆయన కోయ మనిషి, బస్సుల్లో ఆటోల్లో తిరిగే ఎమ్మెల్యే, మా పక్క వరరామచంద్రాపురం మండలంలోని సున్నంవారిగూడెం వాడు. అంటే మేం ఓటేసింది తెలంగాణ మొదటి అసెంబ్లీకి. మే 29న ఆర్డినెన్సు వచ్చింది: పోలవరం ముంపులో పోయే మండలాలన్నీ ఆంధ్రప్రదేశ్‌కి. జూన్ 2న తెలంగాణ పుట్టింది. జులైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్సుని చట్టం చేసింది. ఒక్క రోజు కూడా తెలంగాణలో ఉండకుండానే తెలంగాణకి ఎమ్మెల్యేని పంపిన ఊళ్లు మావి. రాజయ్య ఎమ్మెల్యేగిరీ హైదరాబాద్‌లో, ఇల్లు ఆంధ్రలో. ఆ అయిదేళ్లూ ఆంధ్ర అసెంబ్లీలో మా తరఫున మేం ఓటేసి పంపిన మనిషి ఎవరూ లేరు. 2019లో ఆయన రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయాడు. 2020లో కరోనాలో పోయాడు.

గీసిన తీరు కూడా చూడాలి. భద్రాచలం పట్నం తెలంగాణకి, దాని చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రకి. గుడి అటు, రామయ్య మాన్యం పురుషోత్తపట్నంలో ఇటు. పట్నంలో చెత్త పోసుకోవడానికి జాగా లేదు. ఎటపాక వాళ్లకి సాయంత్రం కూరగాయల బజారుకి పోతే అది రాష్ట్రం దాటినట్టు. మేం మళ్లీ తూర్పు గోదావరి, మళ్లీ కాకినాడ. తాత రసీదు మీదున్న జిల్లాకే యాభై అయిదేళ్లకి తిరిగొచ్చాం, కాకపోతే ఈసారి లాంచీ లేదు.

తపాలా వాళ్లు మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. మా పిన్‌కోడు ఇప్పటికీ 507తోనే మొదలవుతుంది, ఖమ్మం నంబరు. ఏ షాపింగ్ యాప్‌లోనైనా నాన్నకి మందులో చెప్పులో పంపుదామని పిన్ కొడితే రాష్ట్రం తెలంగాణ, జిల్లా ఖమ్మం అని దానంతటదే నిండుతుంది. ఆంధ్రప్రదేశ్ అని మారిస్తే పిన్ తప్పంటుంది. ఒకసారి ఒక కొరియర్ వాళ్లు మా పార్శిల్‌ని ఖమ్మం పంపి, అక్కణ్ణించి కాకినాడ పంపి, అక్కణ్ణించి ‘చిరునామా లేదు’ అని నాకే తిప్పిపంపారు. ఇప్పుడు పేరు పక్కనే బ్రాకెట్లో ‘వయా భద్రాచలం’ అని రాస్తున్నాను. చేరుతోంది. నానమ్మ ట్రంకులో నాన్నకి వాళ్ల మేనమామ రాసిన కార్డొకటి ఉంది, దాని మీదా అదే మాట, వంకర అక్షరాలతో: వయా భద్రాచలం.

2022కి వద్దాం. జనవరిలో ముసాయిదా వచ్చింది, ఏప్రిల్ 4 నుంచి అమలు. పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. కొలత ఏంటంటే పార్లమెంటు నియోజకవర్గం: ఎంపీ స్థానానికి ఒక జిల్లా. వినడానికి బాగుంది. కోస్తాలో, సీమలో చాలా చోట్ల జనానికి కలెక్టరాఫీసు నిజంగానే దగ్గరైంది, కాదనను. కానీ ఎంపీ స్థానాన్ని గీసేటప్పుడు లెక్కపెట్టేది తలల్ని, దారిని కాదు. కొండల్లో మనుషులు పల్చగా ఉంటారు కాబట్టి తలలు సరిపోయేదాకా గీత సాగుతూ పోతుంది. అలా సాగిందే అరకు. పార్వతీపురం నుంచి మా శబరి దాకా. మరీ ఇంత పొడవైతే కుదరదని ప్రభుత్వానికీ తెలుసు, అందుకే దాన్ని ఒక్కదాన్నే రెండు చేశారు: పార్వతీపురం కేంద్రంగా మన్యం, పాడేరు కేంద్రంగా అల్లూరి. రెండోసారి కూడా కత్తెర ఆడించాల్సింది. రంపచోడవరం జిల్లా చేయమని అడిగినవాళ్లున్నారు. 2022లో చేయలేదు.

పేరు గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. రంప పితూరీ 1922లో మొదలైంది, సరిగ్గా వందేళ్లకి ఆ కొండలకి ఆయన పేరు పెట్టారు. పెట్టాల్సిందే. పితూరీ జరిగిన రోజుల్లో కూడా కలెక్టరు ఇక్కడికి దూరమే. ఈ కొండల్లో ఆయన్ని ప్రభుత్వ ఏజెంటు అనేవారు, మేం ఇప్పటికీ మా ప్రాంతాన్ని ఏజెన్సీ అంటున్నది అందుకే.

జిల్లా వచ్చిన మూడు నెలలకి గోదారి వచ్చింది. వరదప్పుడు మాకు పాడేరూ అక్కర్లేదు, ఖమ్మమూ అక్కర్లేదు. గుట్ట, పడవ, బియ్యం కావాలి. మందులకి, ఆసుపత్రికి అందరూ భద్రాచలం వైపే చూశారు, వేరే రాష్ట్రమైనా సరే. తర్వాత సాయం ప్రకటించారు. తెలంగాణలో ఇంటికి పదివేలు, ఇటు రెండు వేలు. గోదారి ఒక్కటే, అడుగులు ఒక్కటే. భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల వాళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని తీర్మానాలు చేశారు. దాన్ని రాజకీయం అన్నవాళ్లున్నారు. అనొచ్చు. గుట్ట మీద టార్పాలిన్ కింద ఒక రాత్రి పడుకుని అంటే ఇంకా బాగుండేది.

మా ఊరు 45.72 కాంటూరులో ఉంది, అంటే పోలవరంలో నీళ్లు 45.72 మీటర్ల ఎత్తు దాకా నిలిపితే మునిగే గీత లోపల. కాంటూరు అనే మాట మా ఊళ్లో చదువు రానివాళ్లకి కూడా తెలుసు. 41.15 కాంటూరు వాళ్లకి ముందు పునరావాసం, 45.72 వాళ్లకి తర్వాత. ఆ వరద తర్వాత మమ్మల్ని కూడా మొదటి దాంట్లో కలపమని అడగని ఊరు లేదు. ఇంట్లో నీళ్లు అటక దాకా వచ్చాక కాయితం మీద నువ్వు ముంపులో లేవంటే ఎలా నమ్మడం.

సర్వేకి వచ్చిన కుర్రాడు ట్యాబ్ పట్టుకుని మంచం దగ్గరే నిలబడ్డాడు. కూర్చోవడానికి చోటు లేదు, మంచం నిండా కాయితాలే. నాన్న పేరు, తాత పేరు, ఆధారు, పశువులెన్ని, చెట్లెన్ని అన్నీ రాసుకున్నాడు. జిల్లా అడగలేదు, అది ముందే నింపి ఉంది. చింతచెట్టు లెక్కలోకి వస్తుందా అని నాన్న అడిగాడు, వస్తుందండీ అన్నాడు. ఆరిన కాయితాల్ని ఒక్కోటే తీసి దొంతర పెడుతూ నాన్న ఇంకోటి అడిగాడు.

“ఇంతకీ మీరిచ్చే ఆ కొత్త ఊరు ఏ జిల్లాలో బాబూ?”

“ఇంకా తేలలేదండీ. రెండు మూడు చోట్ల చూస్తున్నారు” అని ఆ అబ్బాయి పక్క గుడారంలోకి పోయాడు.